జీడి మరకల గుడ్డ దీపం

నాలుగు దీపాలు మాడిపోయాక ఐదోది మాడకుండా వెలిగింది. 2023 నాగుల చవితి సాయంత్రం అది. పొద్దు గూకినప్పుడు వెలిగించిన, లోపల బల్బున్న గుడ్డ దీపం అందరి భోజనాలూ అయ్యేదాకా వెలిగినా ఎక్కడా మచ్చ పడలేదు, కమురు వాసన రాలేదు. చేసింది మా మేనకోడలు సత్యవేణి. సోంపేట కిందివైపు ఊళ్లలో, ఇంట్లో కూర్చుని గుడ్డ దీపం చేసిన మొదటి మనిషి ఆమేనని నేను గట్టిగా చెప్పగలను. కాదనేవాళ్లుంటే నా దగ్గరికి రమ్మనండి.

అంతకుముందు ఆమె ఏడేళ్లు జీడిపిక్కలు కాల్చి వలిచే బట్టీలో పని చేసింది. పిక్క పెంకులోని నూనె మనిషి తోలుని ఉంచదు. బూడిద రాసుకున్నా, కొబ్బరినూనె రాసుకున్నా వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. చివరి ఏడాది అన్నం చెంచాతో తినేది. పని మానేసినప్పుడు భర్త ఎల్లాజీ సరేనన్నాడు గానీ, అత్తగారు మహాలక్ష్మి ఊరుకోలేదు.

"మరి ఇంట్లో కూకుని ఏటి సేత్తావే?"

ఆ ప్రశ్నకు జవాబుగానే దీపం పుట్టింది.

రెండు ఇనుపతీగ చుట్లు, వాటి మధ్య నిలువుగా కొబ్బరి ఈనెలు, చుట్టూ పాత నూలు గుడ్డ, లోపల బల్బు. చెప్పడానికి ఇంతే. మొదటి నాలుగూ పాతరకం బల్బు వేడికి మాడాయి. పలాసలో కరెంటు సామాన్లు అమ్మే చంద్రమౌళి, "ఎల్.ఇ.డి. బల్బెట్టమ్మా, ముట్టుకున్నా సెయ్యి కాలదు" అనేదాకా మాకెవరికీ తోచలేదు. ఆ గండం గడిచిందనుకుంటే ఎలుకలు వచ్చాయి. గుడ్డను గంజితో అంటించడంతో ఆ రుచికి దీపాన్ని చుట్టూ కొరికి వదిలేశాయి. అప్పుడు జీడిచెట్టు బంక నానబెట్టి అంటించింది. ఎలుక కాదు గదా, పురుగు కూడా ముట్టలేదు. ఆ తెలివి ఎవరూ నేర్పింది కాదు, ఆమె సొంతం.

ఇక మరకల సంగతి. తోటలో జీడిమామిడి పళ్లు ఏరేటప్పుడు బట్ట మీద రసం పడితే ఆ మరక ఇక పోదు. అందుకే మా ఉద్దానంలో ప్రతి ఇంటా తోటకి వేరే బట్టలుంటాయి. వేసవి అయ్యాక వాటిని మసిగుడ్డలకి పడేస్తారు. ఒకసారి మంచి గుడ్డ దొరక్క అలాంటి పంచె ముక్కే చుట్టింది. వెలిగించి చూస్తే మరకలన్నీ తేనెరంగులో, ఎండుటాకులు పరిచినట్టు కనిపించాయి. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఈ ఏడాది, 2025 అక్టోబరులో చుట్టపుచూపుగా వచ్చిన సింధూర అనే అమ్మాయి కూడా చూసింది. విశాఖలో ఏటా చేతిపనుల సంత పెట్టేవాళ్లలో ఆమె ఒకరు. "మరకలున్నవే పన్నెండు తెండి, చోటిస్తాను. తెల్లవైతే వద్దు. అవి ఎక్కడైనా దొరుకుతాయి" అంది. సత్యవేణి పన్నెండు ఇళ్లు తిరిగి పన్నెండు మరకల గుడ్డలు ఏరి తెచ్చుకుంది. దీపాలు ఊళ్లో అంతగా అమ్ముడుపోవు గనుక, ఈ సంత కుదరకపోతే జనవరి నుంచి మళ్లీ బట్టీకి వెళ్లాలని ఇంట్లో అనుకున్నారు.

ప్రయాణం డిసెంబరు 11, గురువారం. ముందు ఆదివారం ఆమె బల్బులకని సోంపేట వెళ్లింది. తిరిగి వచ్చేసరికి నేను వాళ్లింటి అరుగు మీదే ఉన్నాను. పెరట్లో పొయ్యి మీద బాన, దాని పక్కన చేతులు తుడుచుకుంటూ మహాలక్ష్మి.

"అత్తా, బుట్టలో గుడ్డలేవి?"

"సోడా ఏసి ఉడకేసినాను. పట్నం పట్టుకెల్తావు గదా, మరకల గుడ్డలు సూత్తే నలుగురూ ఏటనుకుంతారు? కోడలికి సబ్బుక్కూడా దిక్కు నేదంతారు."

సత్యవేణి బాన దగ్గర కూలబడింది. నీళ్లు టీ డికాషనులా ఉన్నాయి. రంగంతా నీళ్లలోకి దిగిపోయిందనుకున్నాం. మళ్లీ మరక పడాలంటే వేసవి రావాలి, జీడిపళ్లు పండాలి.

"ఓలమ్మో, ఎంత పని సేసినావత్తా! నా సేతులు మళ్లీ బట్టీకే గదా!"

ఆ మరకల కోసమే గుడ్డలు తెచ్చిందని అప్పుడు గానీ మహాలక్ష్మికి తెలియలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. "నానేటి సేతును మరిదీ, మంచికే గదా సేసినాను" అని నా వైపు తిరిగింది.

"నలభై ఏళ్లుగా మా అన్న పంచెలు ఒక్కటీ తెల్లగా ఉతకనేదు నువ్వు, ఇయ్యాలే నేర్సుకున్నావా వదినా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పిండి ఆరేశాం. తడి గుడ్డ అంతా ఒకే రంగు, ఏమీ తెలియదు. ముగ్గురం దండెం కింద కూర్చున్నాం. ఎండ చురుక్కుమంటోంది. ముందుగా ఒక పాత లంగావోణీ ముక్క అంచు ఆరింది. అక్కడ సన్నగా ఎర్రటి గీత తేలింది. తర్వాత దాని పక్కనే ఆకు అంత మచ్చ. ఆరిన కొద్దీ ఒకటి వెనక ఒకటి అన్నీ పైకి వచ్చాయి. సోడాలో ఉడికి మరక పోకపోగా, ముదిరి మంచి ఇటిక రంగుకు తిరిగింది! గుడ్డలో జిడ్డూ మట్టీ పోయి, మరక ఒక్కటే మిగిలింది. సత్యవేణి ఒక గుడ్డను ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు దించలేదు.

"అత్తా," అంది చివరికి, "ఇకనించి గుడ్డలు ఉడకెయ్యడం నీ పనే."

"సాల్లే, ఈ ముక్క ముందే సెప్పుంటే నా పానం ఇంత కొట్టుకోదు గదా" అని మహాలక్ష్మి మజ్జిగ కలపడానికి లేచింది. నాకు రెండు గ్లాసులు ఇచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఒకటే.

బుధవారానికి పన్నెండు దీపాలూ ఆరాయి. గడ్డి పరిచిన అట్టపెట్టెల్లో సర్ది, గురువారం ఎల్లాజీ ఆమెను పలాసలో రైలెక్కించి వచ్చాడు. సంత పది రోజులు. "ఎప్పుడొత్తాదిరా?" అని మహాలక్ష్మి కొడుకును మూడుసార్లు అడిగి, ఆమెకు చదువు రాదు గనుక, గోడ మీది క్యాలెండరులో ఆ గడి నన్ను చూపించమంది. చూపించాను. దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. డిసెంబరు 22, సోమవారం.