మొత్తంలో లేని బాపు

ఖటోదరాలో మా కంపెనీకి మూడు షెడ్లున్నాయి. మరమగ్గాలను, ఇక్కడికి వలసొచ్చిన మా తెలుగువాళ్ళు సాంచాలంటారు. ఆ మోతకు చెవులు పోతున్నాయని ఎన్నాళ్ళుగానో పోరగా పోరగా, యజమాని చెవుల డాక్టరును ఒక్కరోజుకు పిలిపించడానికి ఒప్పుకున్నాడు. మనిషికో చీటీ. చీటీ లేనివాణ్ణి డాక్టరు చూడడు. సాంచాల మీద మొత్తం ఎంతమంది ఉన్నారో తేల్చమని మేనేజరు ఆ పని నాకప్పగించాడు. ఆఫీసులో రిపోర్టులు తీసేది నేనే.

తీశాను. మొదటి షెడ్డు అరవై, రెండోది యాభై, మూడోది నలభై. కింద మొత్తం మాత్రం నూట ముప్పై రెండు. మేనేజరు మనసులో కూడుకుని, "ఏం బెహన్, నీ కంప్యూటర్‌కి కూడికలు కూడా రావా?" అని పకపకా నవ్వాడు. పక్క బల్లల వాళ్ళూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాకు ముక్కుమీద కోపం.

"పెళ్ళిలో పొద్దున టిఫిన్ తిన్నవాడే మధ్యాహ్నం భోజనానికీ కూర్చుంటాడు. విస్తళ్ళు రెండు, మనిషి ఒక్కడే. చీటీ విస్తరికిస్తారా, మనిషికిస్తారా?" అన్నాను. రెండు షెడ్లలో పనిచేసేవాడు రెండు వరసల్లోనూ కనబడతాడు. మొత్తం దగ్గర సాఫ్ట్‌వేర్ వరసలను కూడదు, అన్ని షెడ్లనూ కలిపి చూసి ఒక్కో మనిషి హాజరు కార్డును ఒక్కసారే లెక్కపెడుతుంది. ఇదంతా విడమరిచి చెప్పేసరికి మేనేజరు నవ్వాపాడు. "బరాబర్" అన్నాడు.

ఆ సాయంత్రం ఉన్ బస్తీలో మా ఇంటి మెట్లెక్కుతుంటే కింది అంతస్తుకే మా టీవీ వినబడుతోంది. లోపల బాపు, అంటే మా నాన్న, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి. వయసైపోయిందని కంపెనీ కార్డు వెనక్కి తీసుకుంది. అయినా ఇంటిపట్టున ఉంటేగా! ఊరికి పోయేవాడు తన సాంచాలను నమ్మకమైనవాడికి అప్పజెప్పి పోవడం మావాళ్ళలో ఉన్నదే. వాడి కార్డు గీకి, వాడు వచ్చేదాకా వాడి బదులు ఈయన బదిలీగా నిలబడతాడు. ఆఫీసు లెక్కలో అసలువాడు ఊరికి పోనట్టే.

టీవీ కట్టేసి, నా ఘనకార్యం అరిచి అరిచి చెప్పాను. రెండుసార్లు "ఏమన్నవ్?" అన్నాడు. మూడోసారికి అర్థమైంది. బొటనవేలితో మీసం దువ్వుకుని అడిగాడు.

"మంచిగున్నది. మరి నన్నెన్నిసార్లు లెక్కవెట్టినవ్ బిడ్డా?"

ఆయనకు కార్డు లేదు. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. ఊళ్ళో ఉన్నవాడు నా మొత్తంలో ఉన్నాడు, వాడి సాంచా ముందు నిలబడి చెవులు పోగొట్టుకుంటున్న మా బాపు లేడు.

"రేపే మేనేజర్‌కు చెప్త" అన్నాను.

"నీకేమన్న పిచ్చా? నేను వాళ్ళ కార్డు మీద నడుపుతున్న అని తెలిస్తె వాళ్ళ సాంచాలు ఇంకొకనికిస్తరు. పిల్లలు గలోళ్ళు. నా చెవులదేమున్నది, పొయినయి పొయినయి."

ఎంత గొడవపెట్టినా వినలేదు. వినబడలేదో, వినదలుచుకోలేదో!

మర్నాడు కంప్యూటర్ తెరవలేదు. మూడు షెడ్లూ తిరిగి, ఎవరు ఎవరికి బదిలీ అని అడక్కుండా, సాంచాల ముందున్న, కార్డు పోయిన ముసలివాళ్ళను కళ్ళతో లెక్కపెట్టాను. బాపుతో కలిపి తొమ్మిదిమంది. మేనేజరు దగ్గరికి పోయి మొత్తం తప్పన్నాను.

"నిన్న కరెక్టన్నావుగా?"

"కార్డుల లెక్క కరెక్టే. మనుషులు తొమ్మిదిమంది తగ్గారు."

"ఎవరి కార్డుల మీద నడుపుతున్నారు?"

"అది నన్నడగొద్దు భాయ్, చెప్పను." నా ఉద్యోగం ఊడినా ఊడుతుందనిపించింది.

ఆయన షెడ్డు వైపు చూశాడు. "రిటైరైనవాళ్ళు తొమ్మిదిమంది అని వేరే వరస రాయి. మన దగ్గర పనిచేసినవాళ్ళేగా, వాళ్ళకూ చెవులుంటాయి. ఎవరెవరో నాకొద్దు" అన్నాడు. ఆయన ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని గబగబా బయటికొచ్చేశాను.

బాపు చీటీ పట్టుకుని వరసలో నిలబడ్డాడు. కుడిచెవి పూర్తిగా పోయిందట. ఎడమచెవికి వినికిడి మిషన్ పెడితే పనికొస్తుందన్నారు. పదిరోజులకు మిషన్ వచ్చింది. ఆ సాయంత్రం వంటింట్లోంచి అలవాటుగా, "బాపూ, అన్నం తింటవా!" అని కేకేశాను.

"ఏందే గా మొత్తుకునుడు? ఇనవడ్తున్నది" అన్నాడు.

ఆయన మీద ఎన్నేళ్ళుగా అరుస్తున్నానో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. పొయ్యి తగ్గించి, ఆయన పక్కన కూర్చుని, మామూలు గొంతుతో మళ్ళీ అడిగాను.