సీసపు సిపాయిలకు చేతులు

గోపాలపూర్ మసేను గురించి రాస్తానంటే మా ఇంట్లో ఒప్పుకోరు. ఈ కథలో అబద్ధమాడింది మా తాత వైకుంఠరావు కాబట్టి. ఆడినాయన పోయి ముప్పై ఏళ్లయింది, ఇంకా మొహమాటమేమిటంటాను నేను.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన మరుసటి ఏడు. మనం ఎటువైపు వాళ్లమని బరంపురంలో ప్లీడర్లు గొంతులు చించుకుంటున్న రోజులు. మసేనుకి ఆ గొడవ పట్టలేదు. అతని గొడవంతా తన కుడిచెయ్యి. అతను పడవలు కుట్టే మనిషి. ఆ ఒడ్డున పడవ పలకలకు మేకులు కొట్టరు, బెజ్జాలు పెట్టి కొబ్బరితాడుతో కుడతారు. ఒకనాడు అలల్లో పడవకీ మోకుకీ మధ్య చెయ్యి నలిగి, చూపుడువేలూ నడిమివేలూ పోయాయి. ఇక తాడు బిగించడం అతని వల్ల కాలేదు. రేవులో అందరూ జాలిపడ్డారు. "కూకోరా, మేం లేమేటి?" అన్నారు. భార్య నీలమ్మ చేపల గంప నెత్తినెత్తుకుని బరంపురం తిరగడం మొదలుపెట్టింది. ఎవరైనా తిడితే ఊరుకునేవాడు గానీ, పాపం అంటే మాత్రం కస్సుమనేవాడట. ఇది మసేను చేసిన పని అని మళ్లీ ఎవరిచేతనైనా అనిపించుకోవాలి, అతనికి కావలసింది అదొక్కటే.

మా తాత సముద్రం ఒడ్డున ఒక బంగళాలో బట్లరు. ఆ బంగళా దొర రిటైరైన మేజరు. శనివారం శనివారం ఇంకో దొరను పిలిచి, పెద్ద బల్ల మీద సీసపు సిపాయిలను బారులు తీర్చి యుద్ధమాడేవాడు. వేలెడేసి సిపాయిలు, గుర్రాలు, ఫిరంగులు. ఇద్దరు ముసలాళ్లు పాచికలు వేసుకుంటూ, నిజంగా రాజ్యాలు పోతున్నట్టు అరుచుకుంటుంటే మా తాత వంటింట్లోకి పోయి నవ్వుకునేవాడు.

ఆ ఏడు దొరల సీమ నుంచి కొత్త దండు వచ్చింది. ఓడ కుదుపులకు సగంమందికి చేతులూ కత్తులూ విరిగి పెట్టె అడుగున పడున్నాయి. ఒక్కో చెయ్యి బియ్యపుగింజంత. బరంపురంలో నాకు తెలిసిన కంసాలి ఉన్నాడని మా తాత గొప్పకు పోయాడు. ఆ కంసాలి గొట్టంతో నిప్పు ఊదేసరికి మొదటి సిపాయి తల కరిగి ముద్దయింది. నా వల్ల కాదు బాబూ అని అతను పెట్టె తిరిగి ఇచ్చేశాడు.

పెట్టె చంకన పెట్టుకుని, ఏడుపు మొహంతో వస్తున్న మా తాతను మసేను దారిలో ఆపాడు.

"ఏటి బావూ అది? ఇలాగియ్యి, నాను అతికిత్తాను."

"ఆ సేత్తోటా?"

"ఈ సేత్తోటే. ఎలాగూ ఇరిగిపోనాయి, నీకేటి పోయింది?"

పోయేదేమీ లేదని మా తాత ఇచ్చేశాడు. పెద్ద చేపల కడుపులో ఉండే గాలితిత్తిని ఎండబెట్టి కాస్తే మంచి జిగురు వస్తుంది. రేవులో పుట్టినవాడికి జిగురంటే అదే. మసేను దానితో చేతులన్నీ అతికించాడు. దొర మురిసిపోయి ఎవరు చేశారని అడిగాడు. చేపలు పట్టేవాళ్ల వాడలో ఇచ్చానంటే ఏమంటాడోనని, కంసాలే చేశాడని మా తాత చెప్పేశాడు.

నాలుగు శనివారాలు గడిచాక దక్షిణపు గాలి తిరిగింది. ఇల్లంతా చెమ్మ. యుద్ధం మంచి పట్టులో ఉండగా ఒక సేనాని కత్తి పట్టిన చెయ్యి ఊడి బల్ల మీద పడింది. తరవాత వరసగా అందరివీ, చెమ్మకి జిగురు నానిపోయి. రెండో దొర కడుపు పట్టుకుని నవ్వాడు. మేజరు ఆ కోపమంతా మా తాత మీద తీర్చుకున్నాడు.

మా తాత పెట్టె పట్టుకుని రేవుకి పరుగెత్తాడు. "నా పరువు తీసేసేవు కదరా!"

"నీ పరువెలాగ పోద్ది బావూ? కంసాలి సేసేడని సెప్పేవట కదా." మసేను సిపాయిలను ఒళ్లోకి తీసుకున్నాడు. "పూత పూసి ఒగ్గీసేను. నాదే తప్పు. పడవైతే అలాగ ఒగ్గీసుందునా?"

ఈసారి పడవకి పెట్టినట్టే బెజ్జం పెట్టాడు. సీసం మెత్తన కాబట్టి సూది మొనతో తిప్పగా తిప్పగా దిగుతుంది. భుజంలో ఒకటి, చేతిలో ఒకటి. వెంట్రుకంత ఇత్తడి తీగను వేడి చేసి, కరిగిన లక్కలో ముంచి, రెండిటికీ కలిపి గుచ్చాలి. చెప్పడానికి ఇంతే. బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య సూది నిలిచేది కాదు. జారి అరచేతిలో దిగేది. మొదటి వారం మూడు చేతులు ముక్కలయ్యాయి. వాటికి సీసం రేకు కత్తిరించి కొత్త చేతులు చేశాడు. లక్క గట్టిపడేదాకా బిగించి పట్టుకునే వేళ్లు లేవు కనక, పళ్లెంలో ఇసుక పోసి, సిపాయిని ఓరగా పాతిపెట్టి, చెయ్యి తన బరువుకి తనే ఆనుకునేలా నిలిపాడు. నీలమ్మ వద్దని పోట్లాడి, అతను వినకపోతే తనే లక్క కరిగించి పెట్టింది. మొండివాడు. నాకు ఆ మొండితనమంటే ప్రాణం.

ఇరవై రోజులకు దండు తయారైంది. దొర ఒక కత్తి పట్టుకుని లాగాడు. సిపాయి గాలిలోకి లేచాడు గానీ చెయ్యి ఊడలేదు. శనివారం ఆ కంసాలిని తీసుకురా, మా స్నేహితుడి ఎదుట చేయించాలన్నాడు.

మా తాత మళ్లీ రేవుకి వచ్చి బతిమాలాడు. "ఒక్క పూట కంసాలినని సెప్పుకోరా. నా ఉద్యోగం పోద్ది."

"నా పేరుమీదైతే వొస్తాను. లేపోతే ఆ కంసాలినే తీసుకెల్లు."

శనివారం ఇద్దరు దొరల ముందు మసేను ఇసుక పళ్లెం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక బాకా ఊదేవాడికి చెయ్యి అతికించాడు. ఎక్కడా తడబడలేదు. దొరలు సిపాయిని చూడటం మానేసి అతని చెయ్యే చూస్తున్నారు. మేజరు ఏదో అడిగాడు.

మా తాత నసిగాడు. "నువ్వు కంసాలివేనా అంటన్నాడురా. రెండు వేళ్లు లేకుండా ఎలాగ సేసేవంటన్నాడు."

"పడవలు కుట్టీవోణ్ణని సెప్పు. లేనివాటితోటి ఎవుడు సేస్తాడు బావూ, ఉన్న మూడిటితోటీ సేసేనని సెప్పు."

మా తాత చెప్పాడు, ఒక్క ముక్క కలపలేదు, ఒక్కటి తగ్గించలేదు. మేజరు కాసేపు మా తాతను గుచ్చి చూసి, తరవాత మసేను వైపు తిరిగి పేరడిగాడు.

ఆ ఒక్క మాటా మా తాత తర్జుమా చేసేదాకా మసేను ఆగలేదు.