డెబ్బై రెండు కిలోల పరీక్ష

పాలు, పళ్ళరసాలు పోసే ప్లాస్టిక్ సంచులు తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను తూకమక్క అనేవారు. ఆమె దేన్నీ తూచదు. ఆమే తూకం. కొత్త రకం సంచి ఏది తయారైనా దాని నిండా రసం పోసి, సీలు వేసి, ఇనుప బల్ల మీద పడుకోబెట్టి, పైన చెక్క పలక పెట్టేవారు. తూకమక్క చెప్పులు విడిచి పలకెక్కి ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టేది. సంచి నిలిస్తే పాసు. పగిలితే దాని ఆకారం గీసినవాడు మళ్ళీ గీసుకోవాలి. ఇరవై రెండేళ్ళ కిందట ఎవరో చుట్టూ చూసి, ఉన్నవాళ్ళలో ఈమే దిట్టంగా ఉందని ఎక్కమన్నారు. అంతే, అదే పద్ధతైపోయింది. ఏ పద్ధతైనా అలాగే పుడుతుంది. ఆ తర్వాత దేవుడు రాసిపెట్టినట్టు దాన్ని పట్టుకుని వేళ్ళాడతారు.

రోజులో ఎక్కువ పొద్దు ఆమె సీలు మిషను దగ్గరే కూర్చునేది, మిగతా ముప్పై మందిలాగే. ఆమె గొప్పంతా ఆ పలక మీద ఉంది. ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. అరవై దగ్గర కావాలనే కాస్త ఆగేది, గీసినవాడి మొహంలో నెత్తురు ఉందో లేదో చూడటానికి. సంచి పగిలితే దిగి, వేళ్ళతో తడిమి, ఊడిందో చిరిగిందో చెప్పేది. అతుకు విడిపోతే ఊడినట్టు, మిషను వేడి చాల్లేదని అర్థం. అతుకు నిలిచి పక్కన ప్లాస్టిక్ తెగితే చిరిగినట్టు, తప్పు గీతలో ఉందని అర్థం. పెద్ద చదువులు చదివొచ్చినవాళ్ళకు కూడా ఈ తేడా ఆమే నేర్పింది, కాస్త వెటకారం కలిపి.

అలా నేర్చుకున్నవాళ్ళలో ఒకడు ఆమెకు అల్లుడయ్యాడు. సంచుల ఆకారం గీయడం అతని పని. ఇంట్లో ‘అల్లుడుగారూ’ అని మర్యాదగా పిలిచే మనిషి కార్ఖానా గేటు దాటగానే ‘గీతల బాబు’ అనేది, ‘మీరు’ మాత్రం అక్కడా వదిలేది కాదు. అతను మాత్రం రెండుచోట్లా ‘అత్తయ్యగారూ’ అనే అనేవాడు. ఎక్కడ నోరు జారితే ఏం మూడుతుందోనని అతని భయం.

ఆ ఏడు ఆమెకు జ్వరం పట్టుకుంది. ఒక పట్టాన వదల్లేదు. నెలన్నర మంచానికి అతుక్కుపోయింది. లేచి పనిలోకి వచ్చేసరికి అల్లుడి కొత్త సంచి తయారై కూర్చుంది. అడుగున మడత విచ్చుకుని బల్ల మీద నిటారుగా నిలబడుతుంది, పైన ఒక మూల నోటపెట్టుకుని తాగే గొట్టం ఉంది. పాతవాటికంటే అడుగు సన్నం, కింది మూలలు గళ్ళ నోటుపుస్తకంలో గీసినట్టు నలుచదరం. చూడటానికి ముచ్చటగానే ఉంది. రసం కంపెనీవాళ్ళు వారంలో చూడటానికి వస్తామన్నారు. అయినా ఆమె కోసం పరీక్ష ఆపారు. ఇంకొకరిని ఎక్కించరాదా అని మిషను మనిషి ఒకడు అడిగితే, మేస్త్రీ వాడిని కొత్త జంతువును చూసినట్టు చూశాడట.

ఆమె ఎక్కింది. వంద లెక్కపెట్టింది. సంచి చెక్కుచెదరలేదు. మేస్త్రీ అల్లుడి భుజం తట్టాడు. ఆమె సుద్దముక్కతో బల్ల మీద టిక్కు పెట్టింది. పెట్టిన టిక్కు వెనక్కి తీసుకోవడం ఇరవై రెండేళ్ళలో లేదు.

కానీ పాదాలకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె కాలు పెట్టగానే పలక నడుమ దిగి కిర్రుమనేది. ఆ రోజు ఉలకలేదు, పలకలేదు.

ఇంటికి వచ్చేసరికి కూతురు కూర్చుని ఆమె జాకెట్లకు పక్క కుట్లు బిగిస్తోంది. అప్పటికి మూడోది. నిరుడు తన మోకాళ్ళ నొప్పికి డాక్టరు రాసిచ్చిన చీటీ తియ్యమంది తూకమక్క. చీటీ మీద బరువు డెబ్బై రెండు. వీధి చివర మందుల కొట్టుకు వెళ్ళి, గుమ్మంలోని మిషనెక్కి చూసుకుంది. యాభై ఎనిమిది.

తిరిగి వచ్చే దారిలో లెక్కంతా తేల్చుకుంది. చెబితే ఇక పలక మీదికి పిలవరు, తనూ ముప్పై మందిలో ఒకతె. చెప్పకపోతే కొన్నాళ్ళు ఎవరికీ తెలియదు. లారీలో పెట్టెల మీద పెట్టెలు పేర్చిన రోజున అడుగు వరసలో సంచులన్నీ పగులుతాయి, మాట అల్లుడికి వస్తుంది. ఆమె మీద ఎవరూ వేలెత్తరు. టిక్కు పెట్టినవాళ్ళను ఎవరడుగుతారు?

కూతురికి విషయం అర్థమైంది. ‘‘ఆయనకి చెప్పనా అమ్మా?’’ అంది.

‘‘నీ మొగుడికి నువ్వు చెప్పేదేంటే? నా బరువు నేను చెప్పుకుంటాను.’’

మర్నాడు పొద్దున్నే మేస్త్రీకి చెప్పింది. అతనికి ఆ మాట వినడమే ఇష్టం లేదు. పాసైంది పాసైనట్టే అన్నాడు, మనిషి జబ్బుపడితే సంచి చేసిన తప్పేమిటన్నాడు, కంపెనీవాళ్ళు వచ్చే ముందు ఈ తద్దినం ఎందుకన్నాడు.

‘‘నేను చిక్కాను,’’ అంది ఆమె. ‘‘లారీలో పైన పడే పెట్టెలు చిక్కలేదు.’’

ప్లాస్టిక్ గింజల గోతంలోంచి పద్నాలుగు కిలోలు తూయించి, మూట కట్టించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది. అల్లుడు చెయ్యి అందించబోతే, సంచి గీసినవాడే ఎక్కిస్తే ఇంక పరీక్షేమిటని విదిలించింది. ఎక్కింది. నలభై ఒకటి దగ్గర సంచి ఠప్పున పగిలి, మేస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా రసమైంది.

అల్లుడు గొంతుక్కూర్చుని, ‘‘ఊడిందా అత్తయ్యగారూ, చిరిగిందా?’’ అన్నాడు.

‘‘చిరిగింది. సీలు రాయిలా ఉంది. అడుగు మడత నాలుగు పొరలు, పైన రెండే. అవి కలిసే చోట కత్తి మొనలా మూల తిప్పావు. రసమంతా అక్కడికే వచ్చి గుద్దుతుంది. వంపు తిప్పు బాబూ.’’

నలుగురిలో ‘నువ్వు’ అన్న సంగతి ఆమె చూసుకోలేదు. అతను చూసుకున్నాడు. రెండు రోజులు కూర్చుని అడుగు అతుకును పడవ అడుగులా వంపు తిప్పాడు, సీలు వేసే అచ్చును దానికి తగ్గట్టు మళ్ళీ అరగదీయించాడు. మూడో రోజు ఆమె మూటతో ఎక్కి వంద లెక్కపెట్టింది. సంచి నిలిచింది. కంపెనీవాళ్ళు వచ్చి, చూసి, తలూపి వెళ్ళారు.

ఇక మీదట మూటతోనే ఎక్కమన్నాడు మేస్త్రీ, పెద్ద మనసు చేసుకుని. ఆమె ఒప్పుకోలేదు. ‘‘వచ్చే ఏటికి నేనెంత ఉంటానో నాకే తెలీదు. ఇనుము పోయించండి,’’ అంది.

పోయించారు. డెబ్బై రెండు కిలోల దిమ్మ, అటొక పిడి, ఇటొక పిడి. గోడ వార నుంచి బల్ల మీదికి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మొదటి రోజే మిషను మనుషులిద్దరూ దాన్ని సగం దూరం మోసి, దించి, నడుములు పట్టుకున్నారు. అక్కయితే పిలవగానే నడిచొచ్చేదని ఒకడు మూలిగాడు.

‘‘నడిచొచ్చేదాన్ని, నాలుగు తిట్టి పోయేదాన్ని,’’ అంది ఆమె సీలు మిషను దగ్గర నుంచి, తలెత్తకుండా. ‘‘అది తిట్టదుగా. మోయండి.’’

వాళ్ళు మళ్ళీ ఎత్తారు. ఆమె ఇంకో సంచి మిషను కింద పెట్టింది.