మెత్తని కాడకు గట్టి స్టిక్కర్

మంగళవారం పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే గరిడేపల్లి నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. చాయ్ తాగుకుంటనే పక్కకు ఒరిగిండు" అంది.

మా మేనమామకు తెలిసింది ఒకే పని. గోల్ఫ్ కర్రలకు మనిషిని బట్టి కాడ ఎక్కించడం. మీలో గోల్ఫ్ ఆడేవాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి చెబుతాను. చేతిపట్టుకూ, బంతిని కొట్టే తలకూ మధ్య ఉండేదే కాడ. అది ఎంత వంగుతుందో దాని మీద ఒక అక్షరం చెబుతుంది. వేగంగా ఊపేవాళ్లకు గట్టిది, ఎస్. మధ్యరకం ఆర్. నిదానంగా ఊపేవాళ్లకు మెత్తనిది, ఏ.

హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో ఏళ్ల తరబడి ఈ పని చేసి, మోకాళ్లు అరిగాక మామ ఊరికొచ్చాడు. నాకు సూర్యాపేటలో ఆటసామాన్ల దుకాణం. మిర్యాలగూడ మిల్లు సేట్లు, కోదాడ కాంట్రాక్టర్లు కొందరు ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడడం మొదలుపెట్టాక, మామను తెచ్చి వెనక గదిలో కూర్చోబెట్టుకున్నాను.

వాళ్ల గురించి మర్యాదగా రాద్దామనుకున్నాను. నా వల్ల కాలేదు. బంతిని తాకడం రాకముందే వాళ్లకు టోపీలు, తెల్ల గ్లౌజులు వచ్చేశాయి. తమ ఊపు ఎంతో ఒక్కడికీ తెలియదు, కాడ మీద మాత్రం ఎస్ ఉండాలి. కర్ర గట్టిదైతే తామూ గట్టివాళ్లమేనని నమ్మే పెద్దమనుషులు!

దుకాణం వెనక వల కట్టి, వచ్చినవాణ్ని పదిసార్లు ఊపమనేవాడు మామ. మొదటి అయిదూ చూసేవాడే కాదు. "చూస్తలేవేంది మామా?" అని ఒకసారి అడిగాను.

"గవి మనకోసం ఊపుతడు అల్లుడా. అలిసినంక తనకోసం ఊపుతడు. కాడ గా ఊపుకు పెట్టాలె."

మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు సేటు వచ్చేవాడు. అరవై దాటాయి, పొట్ట ముందు నడుస్తుంది. బంతి నేలబారుగా కుడికి పోతోందనీ, మోచెయ్యి గుంజుతోందనీ బాధ. మామ పది ఊపులూ అయ్యేదాకా ఆగాడు.

"సేటూ, మీ ఊపు నిదానం. మంచి ఊపే. గట్టి కాడ దానికి వంగుతలేదు. మెత్తది ఎక్కిస్త."

"ముసలోళ్ల కాడ నాకెందుకయ్యా? నలుగురిల ఇజ్జత్ తీస్తవా?" అని సేటు కారెక్కి వెళ్లిపోయాడు.

నెల తిరగకముందే మోచేతికి పట్టీతో ఒక్కడే వచ్చాడు. మామ పాత కాడ ఊడదీసి మెత్తనిది ఎక్కించాడు. బంతి తిన్నగా లేచి వల పైభాగాన్ని తాకింది. సేటు పసిపిల్లాడిలా నవ్వాడు. ఆ ఒక్క నిమిషం ఆయన నాకు మనిషిలా కనిపించాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ దీని మీద ఎస్ స్టిక్కర్ ఎయ్యి" అన్నాడు.

"ఎయ్య" అన్నాడు మామ.

"ఏమైతది?"

"ఇంకోడు మిమ్మల్ని చూసి గట్టిదే కావాలంటడు. వాని మోచెయ్యి ఖతం. అబద్ధం రాసిన కాడ నా చేతుల నుంచి పోదు." చేతులు తుడుచుకుని అన్నం తినడానికి లేచాడు.

సేటు నావైపు తిరిగి, తనతో వచ్చేవాళ్లంతా ఇంకో దుకాణం చూసుకుంటారన్నాడు. స్టిక్కర్ నేనే వేశాను. అంటే, నేను వెక్కిరించే జాబితాలో నా పేరు కూడా ఉంది.

తెల్లారి, నేను కాడ నుంచి పీకి బల్లకు అంటించిన 'ఏ' స్టిక్కర్‌ను మామ చూశాడు. తిట్టలేదు. "నీ దుకాణం, నీ ఇష్టం అల్లుడా" అని పనిముట్ల సంచి తీసుకుని గరిడేపల్లి బస్సెక్కాడు. తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్లినా చాయ్ ఇప్పించాడు, పిల్లల చదువు అడిగాడు. దుకాణానికి మాత్రం రాలేదు.

మామ దినాల రోజు సేటు తెల్లబట్టల్లో వచ్చాడు. టెంటు కింద పదిమందిని కూర్చోబెట్టుకుని, "నా ఊపు జూసి గట్టి కాడ ఇచ్చిండు. ఈ వయసుల ఎవరికిస్తరు!" అంటున్నాడు.

నేను లేచాను. "అది మెత్తదే సేటూ. మీరడిగితే ఎస్ స్టిక్కర్ నేనే ఏసిన. మామ ఎయ్యనన్నడు."

సేటు ఒక క్షణం తడబడి, నా భుజం తట్టాడు. "పాపం, దుఃఖంల ఏదో మాట్లాడుతుండు" అన్నాడు. అందరూ ఆయననే నమ్మారు. తెల్లబట్టలు అంత పని చేస్తాయి.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చివరిసారి వెళ్లినప్పుడు మామ నన్ను కోసిన వరిమడిలోకి తీసుకెళ్లి చేతికి కర్ర ఇచ్చాడు. ఇన్నేళ్లు అమ్మాను గానీ ఎన్నడూ ఆడలేదు. చెమటలు పట్టేదాకా ఊపించి, "నీకు మధ్యరకం సరిపోతది" అన్నాడు. ఆ తర్వాత కొట్టిన బంతి గట్లు దాటి ఎక్కడో పడింది, అక్కడి కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అవి మళ్లీ వాలేదాకా మామ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.