మొదటి వంతు మాది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏలూరులో నా దగ్గర బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళను ఎవర్నడిగినా ముందు ఆ మాటే చెబుతారు, ఆట సంగతి తర్వాత చెబుతారు. చెప్పుకోనివ్వండి. ఆ కోపంతోనే మూతబడబోయిన ఒక టీమును మళ్ళీ నిలబెట్టాను. ఇది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

పగలు నేనొక స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. సాయంత్రాలు జీతం తీసుకుని క్లబ్బుకు ఆడేవాణ్ణి. మా గోదావరి జిల్లాల్లో కొన్ని క్లబ్బులు కలిసి ఏటా ఒక లీగు నడుపుకునేవి. మా క్లబ్బుకి డబ్బు పెట్టేది పెదపాడు వైపు చేపల చెరువులున్న ఒక పెద్దమనిషి. అందరం ఆయన్ని ప్రెసిడెంటుగారూ అనేవాళ్ళం. ఆయనకు ఆట ముక్క తెలియదు. బంతి బుట్టలో పడితే చాలు, లేచి చప్పట్లు కొట్టేసేవారు. పడింది మన బుట్టలోనా వాళ్ళ బుట్టలోనా అనే పట్టింపు ఉండేది కాదు. కానీ షూస్ కొనాలన్నా, బయటి ఊళ్ళ నుంచి పేరున్న ఆటగాళ్ళను తేవాలన్నా వెనకాడేవారు కాదు.

కొల్లేరు లోపలి చెరువుల గట్లన్నీ ఆక్రమణలంటూ ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది ఆయన చెరువులూ పోయాయి. పొక్లెయిన్లు వచ్చి గట్లు తవ్వుతుంటే ఆయన స్కూటర్ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారట. నెల తిరిగేసరికి మా పేరున్న ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు తణుకు టీముకు వెళ్ళిపోయారు. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, జీతం వచ్చే చోటికే పోతారు. ఇప్పుడు ఇలా అంటున్నాను గానీ అప్పుడు నేను తిట్టని తిట్టు లేదు. మా కోచ్ కూడా వాళ్ళతోనే పోయాడు. దాంతో ఆటగాణ్ణీ నేనే, కోచ్‌నీ నేనే అయ్యాను. నాతో మిగిలినవాళ్ళంతా అదివరకు బెంచీ మీద తువ్వాళ్ళు అందించినవాళ్ళు. ఆ సీజన్లో చిత్తుచిత్తుగా ఓడి అట్టడుగున నిలిచాం.

మా లీగులో వరసగా రెండేళ్ళు అడుగున ఉన్న క్లబ్బును తీసేస్తారు. అంటే మాకు మిగిలింది ఒక్క సీజను.

"ఈసారి కూడా ఆఖరైతే తాళం వేసేద్దామండీ. చెరువులు పోయినప్పుడు కూడా నాకింత బాధ లేదు" అన్నారు ప్రెసిడెంటుగారు. "తాళం ఎవరు వేస్తారో చూస్తాను" అని గట్టిగా అరిచాను.

లీగులో ఇంకో పద్ధతి కూడా ఉంది. తాడేపల్లిగూడెం క్లబ్బు సెక్రటరీ టీవీలో అమెరికా వాళ్ళ ఆట చూసి చూసి దాన్ని ఇక్కడ పెట్టించాడు. కొత్తగా ఆడదామని వచ్చే కుర్రాళ్ళందరికీ ఒకేచోట ట్రయల్స్ పెడతారు. ఆ తర్వాత క్లబ్బులు వంతుల వారీగా ఒక్కొక్కణ్ణి కోరుకోవాలి. ఆఖరున నిలిచిన క్లబ్బుదే మొదటి వంతు.

ఆ ఏడు ట్రయల్స్ తాడేపల్లిగూడెంలోనే జరిగాయి. ఉల్లిపాయల మార్కెట్టులో వేలంపాట పాడినంత గోలగా ఉంది ఆ గ్రౌండు. అందరి కళ్ళూ ఒక ఆరడుగుల పైచిలుకు కుర్రాడి మీదే ఉన్నాయి. కాస్త గెంతితే రింగు అందుతుంది వాడికి. తణుకు సెక్రటరీ నన్నూ ప్రెసిడెంటుగారినీ టీ బడ్డీ దగ్గరికి పిలిచాడు.

"ఏవండీ మాస్టారూ, మీ మొదటి వంతు మాకిచ్చేయండి. బదులుగా మీ పాత ఆటగాళ్ళను ఇద్దర్ని ఈ సీజనుకి మీకు పంపిస్తాం. జీతాలు కూడా మావేనండీ" అన్నాడు.

ప్రెసిడెంటుగారి మొహం వెలిగిపోయింది. ఆ ఇద్దరూ వస్తే అడుగున పడం, అది ఖాయం. కానీ సీజను అయ్యాక వాళ్ళు మళ్ళీ తణుకు వెళ్ళిపోతారు, మేం మళ్ళీ తువ్వాళ్ళ బ్యాచీతో మిగులుతాం. ఇంత చిన్న సంగతి అర్థం కాదనుకుని నా చెవిలో పువ్వు పెడుతున్నాడే అని ఒళ్ళు మండిపోయింది. టీ సగంలో వదిలేసి లేచాను.

"మా వంతు మేమే కోరుకుంటామండీ" అన్నాను.

నేను కోరుకున్నది ఆ పొడుగువాణ్ణి కాదు. వాడు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. భీమడోలు నుంచి వచ్చిన ఒక మామూలు ఎత్తు కుర్రాడు మాత్రం, బంతి ఎవడు పోగొట్టినా సరే, తనే కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తి అడ్డం పడుతున్నాడు. నేను వాడి నంబరు చెప్పగానే చుట్టూ ఒకటే నవ్వులు. నవ్వుకోండి, మీకూ రోజొస్తుంది అని పళ్ళు నూరుకున్నాను. రెండో వంతు తిరిగి వచ్చాక కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చిన ఒకణ్ణి తీసుకున్నాను. పడవ గడ వేసి పెరిగిన భుజాలు వాడివి. ఆ తర్వాత వంతుల్లో కూడా అలాంటి కుర్రాళ్ళనే ఏరుకున్నాను. ప్రెసిడెంటుగారు తిరుగు ప్రయాణంలో ఏలూరు దాకా కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చున్నారు.

ఇక అసలు తంటా అప్పుడు మొదలైంది. నా కుర్రాళ్ళు మహా మర్యాదస్తులు! అవతలి టీములో వయసులో పెద్దవాడు బంతి పట్టుకుని వస్తుంటే చెయ్యి పెట్టి లాగరు, పక్కకు తప్పుకుంటారు. సీజన్ మొదటి మ్యాచీలో మా భీమడోలు వాడు అవతలి కెప్టెన్ కాలు తొక్కాడు. ఆ కెప్టెన్‌కు నా వయసుంటుంది. వెంటనే మావాడు వంగి, ఆయన పాదం ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాడు. ఆట నడుస్తుండగా! ఆ పెద్దమనిషి మావాడి తల మీదుగా దాటుకుని వెళ్ళి బంతిని బుట్టలో వేసి వచ్చాడు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునే నవ్వాడు. నేను మాత్రం తల పట్టుకున్నాను.

"ఒరేయ్, ఇది ఆటరా, అత్తారింటికొచ్చావనుకున్నావా?" అని గ్రౌండు దద్దరిల్లేలా అరిచాను.

"కాలు తగిలిందండీ మాస్టారూ" అన్నాడు వాడు అమాయకంగా.

మర్నాటి నుంచి ప్రాక్టీసులో ఒకటే పని పెట్టాను. బంతి నా చేతుల్లో ఉంటుంది, నా దగ్గర్నుంచి లాక్కోవాలి. లాక్కునేదాకా ఎవరికీ ప్రాక్టీసయ్యాక పెట్టే ఇడ్లీల్లేవు. మొదట్రోజు ఒక్కడూ దగ్గరికి రాలేదు. చుట్టూ నిలబడి "ఇవ్వండి మాస్టారూ, ప్లీజండీ" అని బతిమాలారు. ఏడిసినట్టుంది! పొట్లాల్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. కోపంతో నేనూ తినలేదు.

ఈ సంగతి భీమడోలు వాడి తల్లికి తెలిసింది. ఆవిడ చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. నన్నోసారి వచ్చి కలవమని కబురు పెట్టారు. ప్యాసింజరు రైలెక్కి వెళ్ళాను. కొడుకుని మాన్పించేస్తారేమోనని లోపల బెదురుగానే ఉంది. ఆవిడ ముందు అన్నం పెట్టి, తర్వాత అడిగారు.

"పెద్దవాళ్ళ చేతిలోది లాక్కోకూడదని చిన్నప్పట్నుంచీ నేర్పుకొచ్చానండీ. మీరేమో లాక్కుంటేనే తిండి అంటున్నారంట. ఇదేం చదువండీ?"

నాకు ఎంత కోపమున్నా అన్నం పెట్టినావిడ మీద చూపించలేను గదా. మీ అబ్బాయిని నమ్మి, ఊరంతా నవ్వుతున్నా మొదటి వంతులో కోరుకున్నానని చెప్పాను. వాడు వెనక్కి తగ్గితే మా క్లబ్బు ఉండదని కూడా చెప్పేశాను. ఆవిడ నా కంచం తీసి పక్కన పెట్టారు.

"కోర్టు గీత లోపల మీ ఇష్టమండీ. గీత బయట మాత్రం వాడు నేను పెంచినట్టే ఉండాలి" అన్నారు.

ఆ వారమే వాడు నా చేతుల్లోంచి బంతి లాగాడు. ఆ విసురుకి నేను వెనక్కి పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. మిగతావాళ్ళు గుడ్లప్పగించి చూస్తుంటే నేను కింద కూర్చునే, "శభాష్‌రా! పట్రండ్రా ఇడ్లీలు!" అని కేకేశాను. ఇక ఆ తర్వాత ఎవడూ ఆగలేదు. నన్ను నలుగురూ కలిసి ఉతికి ఆరేసేవారు. రాత్రి మా ఆవిడ జండూబామ్ రాస్తూ, "పిల్లల్ని పెంచుతున్నారా, పులుల్నా?" అని దెప్పేది. నాకు లోలోపల ఒకటే సంబరం.

మెల్లగా గెలవడం మొదలుపెట్టాం. అయితే మొదట్లో ఓడినవి ఎక్కువ కావడంతో లెక్క ఆఖరి మ్యాచీ దాకా తేలలేదు. ఆ మ్యాచీ గెలిస్తే క్లబ్బు ఉంటుంది, ఓడితే పోతుంది. పడింది తణుకు టీముతో, అదీ తణుకులో. అవతల ఆడుతున్నది మా పాత ఆటగాళ్ళే.

ఆ రోజు నేను ఎంతసేపటికీ బెంచీ మీదికి రాలేదు. ఒకప్పుడు నాతో ఆడినవాళ్ళు ఎదురుగా ఉన్నారు, నేనేమిటో చూపించాలి. మూడో క్వార్టరు వరకు బాగానే ఆడాను. చివరి క్వార్టర్లో కాళ్ళు రాయిలా అయిపోయాయి. నేను కాయాల్సినవాడు నన్ను దాటుకుని ఒకసారి వేశాడు, మళ్ళీ వేశాడు. నేను విసిరింది రింగుకు కూడా తగల్లేదు. ఒక్క పాయింటు వెనకబడ్డాం. అప్పుడు చూద్దును గదా, మా బెంచీ మీదివాడొకడు మార్పు కోసం స్కోరరు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చెప్పలేదు.

విజిల్ పడింది. "ఎవడు పంపాడ్రా వీణ్ణి? ఎవరి బదులు?" అని అరిచాను.

భీమడోలు వాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "నేనే రమ్మన్నానండీ. మీ బదులే."

"ఇక్కడ కోచ్ నేనా, నువ్వా?"

"మీరేనండీ. ఇంకెవడైనా ఇలా ఆడుతుంటే ఈపాటికి మీరు కాలర్ పట్టుకుని లాగి కూర్చోబెట్టేవారు. దిగండి మాస్టారూ."

వాడి గొంతు వణకలేదు. చూపు దించలేదు. నా చెయ్యి పైకి లేవబోయి ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, అక్కడ అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది. అవమానం వల్ల అనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాక గానీ తెలియలేదు, అది అవమానం కాదని.

వాళ్ళు నేను లేకుండా ఆడారు. నన్ను దాటినవాణ్ణి కొత్తగా దిగిన కుర్రాడు కదలనివ్వలేదు. భీమడోలు వాడు మా పాత కెప్టెన్ చేతుల్లోంచి బంతి లాక్కుని, వెనక్కి చూడకుండా ముందుకు విసిరాడు. లంకవాడు అందుకుని వేసేశాడు. టైమైపోయింది. ప్రెసిడెంటుగారు లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆ ఒక్కసారి బుట్ట కరెక్టే.

గోల సద్దుమణిగాక తణుకు సెక్రటరీ నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు.

"మంచి నిర్ణయం తీసుకున్నారు మాస్టారూ. సరైన టైములో దిగిపోయారు" అన్నాడు.

"నేను దిగలేదండీ" అన్నాను, పక్కనున్నవాళ్ళందరికీ వినబడేలా. "మావాడు దింపాడు."