లారీ తలుపు మీద ఆరు అక్షరాలు

కళ్ళద్దాల షాపులో ముప్పై ఏళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న ఆయన్ని అందరూ ఓపికయ్య అనే పిలుస్తారు. బొమ్మ వాహనాలు చేసే స్నేహితులు పెట్టిన పేరది. ఆదివారం పూట కొత్తవాళ్ళెవరైనా రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టుకుని వస్తే ఆయన చెప్పేది ఒక్కటే.

"రాతల మీద మెరుపు కోసం క్లియర్ కోటు కొట్టేటప్పుడు తొందర పనికిరాదు. ముందు పొడిపొడిగా తుంపర. అరగంట ఆరనివ్వండి. మళ్ళీ తుంపర. ఆ తర్వాతే తడికోటు. ఒకేసారి కుమ్మరించారో, రాసిన ఇంకు అంతా కరిగి కారిపోతుంది."

అలాంటి మనిషి వాళ్ళ నాన్న లారీ దగ్గర తన మాట తనే మరిచాడు.

నాన్న నడిపిన లారీకి జానెడు పొడవున బొమ్మని, మడ్‌గార్డు సొట్టతో సహా, ఏడాదిపాటు చేశాడు. తలుపు మీద రాత మాత్రం తన అన్నయ్యే రాయాలని పట్టుబట్టాడు. అసలు లారీ మీద పదిహేడేళ్ళ వయసులో 'సరుకు రవాణా' అని రాసింది ఆయనే. తర్వాత బతుకంతా బోర్డులు రాశాడు. ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతోంది. ఇక తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు.

అన్నయ్య వచ్చాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, సన్నటి ఇంకు పెన్నుతో ఆ ఆరు అక్షరాలు రాసేసరికి మధ్యాహ్నమైంది.

"చూశావురా దద్దమ్మా, రాతంటే ఇదీ! నీ రంగే, లారీ రంగులా లేదు, ఆస్పత్రి గోడలా ఉంది."

"పుట్టి బుద్ధెరిగాక నీకు నచ్చిందేదైనా ఉందా అన్నయ్యా?"

"ఉంటే చెప్పనూ? సరే, నాలుగింటి బస్సుకి పోతాను. ఈలోగా మెరుపెక్కించు, చూసి పోతా."

అన్నయ్య ముందుగదిలో నడుం వాల్చాడు. బయట వాన. మొదటి తుంపర ఎంతకీ ఆరలేదు. మూడున్నర దాటింది. ఓపికయ్య గడియారం చూశాడు, ఎయిర్‌బ్రష్ గొట్టాన్ని దగ్గరకు తెచ్చి తడికోటు కొట్టేశాడు. అద్దంలా మెరిసింది. మరుక్షణం అక్షరాలు ఏడ్చిన కంటి కాటుకలా కిందికి జారాయి.

"ఇంకా ఆరలేదని చెప్పు," అన్నాడు భార్యతో, గది తలుపు మూసి.

"ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోలా? తిట్లు మీకు కొత్తా?"

"తిడితే పర్లేదే. మళ్ళీ రాస్తానంటాడు. రాయలేడు."

అన్నయ్య చూడకుండానే బస్సెక్కాడు.

ఓపికయ్య లారీ తలుపు గీకి, మళ్ళీ రంగేశాడు. అసలు లారీ పాత ఫొటో ముందు పెట్టుకుని మూడు వారాలు కాగితాల మీద దిద్దాడు. ఆరు అక్షరాలూ తనే రాశాడు. ఈసారి నాలుగు తుంపరలు కొట్టాడు, ప్రతిసారీ అరగంట ఆగాడు.

మరుసటి నెల అన్నయ్య వచ్చి లారీని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. తలుపు వంక చాలాసేపు చూశాడు. రెండు 'ర'ల మీదా, తన చేతి వంపు వెతుకుతున్నట్టు, బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"బాగుందిరా," అన్నాడు.

ఓపికయ్య దగ్గరికొచ్చాడు. "ఏదైనా తప్పుంటే చెప్పన్నయ్యా."

"తప్పేముంది? బాగుంది."

లారీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, వణికే చేతిని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఉన్నాడు, కబుర్లూ చెప్పాడు. దద్దమ్మా అని మాత్రం ఒక్కసారీ అనలేదు.