వెనక్కి నడిచే అన్నయ్య

పెట్టె మూత ఊడదీయగానే చిన్నోడు గడ్డిని రెండు చేతులా పక్కకి తోశాడు. లోపల అడుగు చెక్క, దాని మీద మేకుల తలలు కనిపించాయి. అంతే.

"ఖాళీ పెట్టె పంపారేంటి మరిదీ!" అంది వదిన, వెనకనుంచి తొంగి చూస్తూ.

చిన్నోడు వేలు వంచి గోటితో మెల్లగా తట్టాడు. ఏమీ లేదనుకున్న చోటునుంచి ఖంగుమని సన్నటి మోత లేచింది. అతనికి ఒళ్లు ఝల్లుమంది. నలభై ఏళ్లకు పైగా అద్దాల మధ్య బతికినవాడు, ఇంత నిర్మలమైన అద్దాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే దీన్ని కూడా చూడలేకపోయాడు, తట్టి తెలుసుకోవలసి వచ్చింది! గుండ్రటిది. నిలబెడితే మనిషెత్తు ఉంటుంది. గ్రంథాలయం మూడో అంతస్తులో చదువుకునే గది ఉంది. దాని తూర్పు గోడలో గుండ్రటి కిటికీ ఒకటి ఎప్పుడో పగిలిపోతే రేకు కొట్టేశారు. పట్టపగలు దీపాలు వేసుకుని చదువుకుంటున్నారు జనం. ఆ కిటికీ కోసం గ్రంథాలయం నడిపే ఆవిడ పట్టుబట్టి చేయించిన అద్దం ఇది.

చిన్నోడంటే చిన్నవాడేమీ కాదు. అరవైకి చేరువయ్యాడు. అన్నయ్యను వీధంతా పెద్దోడనేది కనక ఇతను చిన్నోడయ్యాడు. తల నెరిసింది గానీ ఆ పేరు నెరవలేదు. ఇద్దరిదీ ఒకే కొట్టు. అద్దాలు కోస్తారు, అంచులు అరగదీస్తారు, చట్రాల్లో బిగిస్తారు. కానీ జనం పని మానుకుని నిలబడి చూసేది వాళ్లు అద్దం మోయడాన్ని.

ఇరుకు సందుల్లో, మెట్ల మీద పెద్ద అద్దాన్ని పక్కవాటుగా మోయడం కుదరదు. ముందొకడు, వెనకొకడు ఉండాలి. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా ఉండాలి. అంటే ఒకడు వెనక్కి నడవాలి. తండ్రి వాళ్లను పనిలో పెట్టిన రోజున పెద్దోడికి వెనక్కి నడిచే పని పడింది. చిన్నోడికి చూసే పని పడింది.

"రా... రా... మెట్టు... ఇంకో మెట్టు... ఎడమకి... రా... ఆగు!"

ఎడమంటే ఎప్పుడూ అన్నయ్య ఎడమే. తన కుడిచేతి వైపును చిన్నోడు జీవితమంతా ఎడమ అనే పిలిచాడు. అతని గొంతూ ఆ పనికి తగ్గదే. సందు ఈ మొదట్లో 'రా' అంటే ఆ చివర్లో సైకిళ్లు దిగేవాళ్లు. పెద్దోడు మాత్రం ఒక్కసారైనా తల తిప్పి వెనక్కి చూసేవాడు కాదు. ఇంటికి నడిచి వెళుతున్నట్టు వెళ్లేవాడు.

ఈ పద్ధతి అద్దాలతో ఆగలేదు. కొట్టు ఎక్కడ పెట్టాలో, ఏ ఇంట్లో చేరాలో, చొక్కా ఏ రంగుదో అన్నీ పెద్దోడు తమ్ముణ్ణే అడిగేవాడు. ఒకసారి ఓ ఇంట్లో బీరువాకి అద్దం బిగించి వస్తూ, "ఆ ఇంటమ్మాయి నన్ను చూసి నవ్విందిరా, ఏమంటావ్?" అన్నాడు. "రా, రా!" అన్నాడు తమ్ముడు. అలా వచ్చింది వదిన. ఆయనతో గొడవైనప్పుడల్లా ఆవిడ నేరుగా మరిది దగ్గరికే వచ్చేది. "ఆయన్నని ఏం లాభం? వెనక్కి నడిచి వచ్చి నా మీద పడ్డాడు. 'ఆగు' అనాల్సింది నువ్వు!"

అందరూ నవ్వేవాళ్లు. చిన్నోడూ నవ్వేవాడు. లోలోపల మాత్రం ఒక లెక్క కుదిరిపోయింది. తను కళ్లు, అన్నయ్య కాళ్లు. తను లేకపోతే అన్నయ్య గోడకి గుద్దుకుంటాడు పాపం. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు, కానీ అతని నడకలో ఆ ధీమా కనిపించేది.

పోయిన చలికాలం చిన్నోడి గొంతులో గడ్డ లేచింది. కోసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే పుస్తకంలో పేజీ తిప్పినంత చప్పుడు వస్తుంది, అదీ చెవి దగ్గర పెడితే. "ఇన్నాళ్లకి ఈ ఇంట్లో నా మాట నాకు వినపడుతోంది" అని వదిన నవ్వించబోయి, తనే కళ్లు తుడుచుకుంది.

ఆ తరవాత అన్నదమ్ములు పెద్ద అద్దం ఎత్తలేదు. ఫొటోల చట్రాలు, చేతి అద్దాలు, ఒక్కడు చేసుకోగల పనులతోనే రోజులు గడిపారు. గొంతు పోకముందు ఒప్పుకున్న అద్దం ఇప్పుడు వచ్చి కొట్టులో కూర్చుంది. చిన్నోడు మనసులో గట్టిగా అనేసుకున్నాడు: ఇది పైకి చేరితే ఇద్దరం ఇంకా జోడీయే. చేరకపోతే, అన్నయ్యా, నీకు గొంతున్నవాణ్ణి ఇంకొకణ్ణి చూసుకో అని తనే చెప్పి తప్పుకోవాలి.

పెరట్లో సాధన మొదలైంది. అద్దానికి బదులు గుండ్రటి బల్ల పలక ఒకటి పట్టుకున్నారు. ముందు వదిన గొంతు అరువు తీసుకున్నారు. ఆవిడ గట్టు మీద నిలబడి, "రండి, రండి, ఇంకాస్త రండి" అంది. పెద్దోడు కదల్లేదు.

"నడవరేం?"

"నీ మాట నమ్మి నడిస్తే నేరుగా వంటింట్లో తేల్తాను. నా వల్ల కాదు."

"ఇన్నేళ్లు కాపురం చేశాక ఇదా నమ్మకం!"

"కాపురం వేరు, అద్దం వేరు."

వదిన మూతి ముడుచుకుని లోపలికి పోయింది. అప్పుడు చిన్నోడు చేతులు తిప్పి సైగ చేశాడు: తారుమారు చేద్దాం. నేను వెనక్కి నడుస్తా, నువ్వు చెప్పు. పెద్దోడు తల గోక్కున్నాడు. జీవితంలో ఎవరికీ దారి చెప్పినవాడు కాడు. అయినా తమ్ముడు అన్నాడు కనక సరే అన్నాడు.

"రా... రా... ఎడమకి" అన్నాడు పెద్దోడు. చిన్నోడు తన ఎడమకి జరిగాడు. వీపు ధబీమని గోడకి తగిలింది.

"ఎడమకంటే అటు పోతావేంట్రా?"

చిన్నోడు తన ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఆ మాట పెద్దోడిదే, ఇప్పుడు చెప్పేవాడూ ఆయనే అయ్యేసరికి తన ఎడమే చెప్పాడు! పలక అక్కడే దించేసి, గోడకి చేరగిలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారు; ఒకరి నవ్వు వీధిలోకి వినిపించింది, ఇంకొకరిది గాలిలాగే పోయింది. సాయంత్రానికి ఎడమా కుడీ ఓ దారికి వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే బండి గ్రంథాలయం ముందు ఆగింది. వీధంతా అక్కడే ఉంది. బట్టలు కుట్టేవాడు మెడలో టేపుతోనే వచ్చేశాడు. మందుల కొట్టాయన కొట్టుకి సగం తలుపేసి వచ్చాడు. గ్రంథాలయం ఆవిడ, కళ్లజోడు తుడిచిందే తుడుస్తూ, గుమ్మంలో నిలబడి ఉంది.

"మెట్లు మరీ ఇరుకండీ. కుదరదంటే ఇప్పుడే చెప్పేయండి, నేనేం అనుకోను" అంది.

"ఎక్కుతుందమ్మా. మా తమ్ముడు ఊ అన్నాడు" అన్నాడు పెద్దోడు.

ఆవిడ చిన్నోడి వంక చూసింది. చిన్నోడు తల ఊపాడు.

తోలు పట్టీలు తగిలించి, అద్దాన్ని నిలువుగా ఎత్తారు. పక్కనుంచి చూస్తే అద్దమే లేదు, ఓ ఆకుపచ్చ గీత గాలిలో తేలుతోంది. గుండ్రటి అద్దానికి పట్టుకోవడానికి మూలలుండవు. ఏమరుపాటుగా ఉంటే దొర్లిపోవాలని చూస్తుంది. చిన్నోడు మెట్లకి వీపు పెట్టి మొదటి మెట్టెక్కాడు. "రా... మెట్టు... రా..." అన్నయ్య గొంతు బెరుకుబెరుగ్గా వస్తోంది. మొదటి అంతస్తు దాటారు. కింద ఎవరో చప్పట్లు కొడితే పదిమంది ఉష్ అన్నారు.

రెండో అంతస్తుకి పోయే మలుపులో చిన్నోడి కాలు గాల్లో మెట్టును వెతికింది. దొరకలేదు. వెతికింది. దొరికింది. ఆ రెండు క్షణాల్లో చొక్కా అంతా తడిసిపోయింది. వెనక ఏముందో తెలియదు. వీపుకి కళ్లు లేవు. చేతుల్లో అద్దం, కింద లోతు. 'రా' అంటోంది అన్నయ్య గొంతు; ఆ మాటని నమ్మి పాదం వెయ్యాలంటే ఒళ్లు ఒప్పుకోవడం లేదు. ఇంతకాలం అన్నయ్య చేసిన పని ఇదా! తల కూడా తిప్పకుండా, ఈల వేసుకుంటూ, ఇదా చేసింది!

రెండో అంతస్తు మలుపు అరుగు చేరగానే చిన్నోడు కళ్లతోనే బతిమాలాడు. ఇద్దరూ గోనెపట్టా మీద అద్దాన్ని దించి గోడకి ఆనించారు. చిన్నోడు పై మెట్టు మీద కూలబడ్డాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. పెద్దోడు వంగి చెవి దగ్గర పెట్టాడు.

"నావల్ల కాదన్నయ్యా. నీకు భయం వెయ్యదా?"

"వెయ్యకేం? మొదటి రోజునుంచీ వేస్తోంది."

"మరి?"

"అవతలి చివర నువ్వున్నావుగా." పెద్దోడు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "లే. ఆ చివరికి పో. వెనక్కి నేను నడుస్తా."

"ఎలా? నాకు గొంతేదీ?"

"నీ గొంతెందుకురా? నువ్వు 'ఆగు' అనబోయేముందు నీ చెయ్యి బిగుసుకుంటుంది. ఆ బిగువు అద్దంలోంచి వచ్చి నా చేతికి తగుల్తుంది. మెట్టుకి ఒకలాగ, మలుపుకి ఒకలాగ. మాట దాని వెనకాల తాపీగా వస్తుంది. నీ నోట్లోంచి 'ఆగు' వచ్చేసరికి నేను ఎప్పుడో ఆగిపోయుండేవాణ్ణి. చూళ్లేదూ?"

చిన్నోడు చూశాడు. వందసార్లు చూశాడు. అన్నయ్య ఒక్క క్షణం ముందే ఆగిపోవడం, తను అది గమనించీ అరవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకి వచ్చాయి. అతని మొహం ఎర్రబడింది.

"అయితే ఇన్నేళ్లూ నేను గొంతు చించుకున్నదంతా దేనికి?"

"జనం దారిచ్చేవాళ్లు కదా" అన్నాడు పెద్దోడు. తరవాత నవ్వు ఆపుకుని, "వినడానికి బాగుండేదిరా. ఒక్కణ్ణే ఉన్నాననిపించేది కాదు" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా? నిన్న పెరట్లో వీపు పగిలేదాకా ఎందుకూరుకున్నావ్?"

"తారుమారు చేద్దామన్నది నువ్వు. నువ్వన్నాక నేను కాదంటానా?"

కింద నుంచి వదిన కేక వినిపించింది. "ఏమైందక్కడ? కబుర్లకి ఇదా సమయం!"

చిన్నోడు లేచాడు. గుండ్రటి అద్దానికి ముందూ వెనకా లేవు. మనుషులు చోటు మార్చుకుంటే సరిపోయింది. పట్టీలు సరిచేసుకున్నారు. పెద్దోడు పై మెట్లకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆయన భుజాలు దిగాయి, మెడ వదులైంది. చాలాకాలానికి సొంత కుర్చీలో కూర్చున్నవాడిలా కనిపించాడు. ఇద్దరూ ఎత్తారు.

ఇక మాట లేదు. చిన్నోడి కళ్లు మెట్టును చూశాయి. చేతులు ఏం చేశాయో అతనికే తెలియదు, అన్నయ్య పాదం మాత్రం సరిగ్గా మెట్టు మీద పడింది. మలుపు వచ్చింది. చిన్నోడు 'ఎడమకి' అనుకున్నాడంతే, పెద్దోడు ఎడమకి ఒరిగాడు. గోడ గచ్చుకి, అద్దం అంచుకి మధ్య వేలు దూరనంత సందు మిగిలింది. అద్దం సన్నగా మూలిగింది. చిన్నోడి చేతులు బిగిశాయి. పెద్దోడు రాయిలా ఆగిపోయాడు. పట్టు వదులైంది, మళ్లీ కదిలాడు. అయ్యబాబోయ్, ఇంత సులువా! చిన్నోడికి కేక వెయ్యాలనిపించింది. గొంతు ఉంటే ఆ క్షణాన మూడు వీధులకి వినపడేలా అరిచేవాడే. కింద జనం మెట్ల నడుమ సందులోంచి తలలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంకో మెట్టు. ఇంకోటి. చివరిదానికి పెద్దోడి మడమ సమతలాన్ని తాకింది.

"వచ్చేశాం" అన్నాడు పెద్దోడు, వెనక్కి చూడకుండానే.

గోల గోలగా పైకి ఎగబాకారు జనం. అన్నదమ్ములు రేకు ఊడబీకి, చట్రం దులిపి, అద్దాన్ని దాని గూట్లో కూర్చోబెట్టి, చుట్టూ చెక్క పట్టీలు కొట్టేసరికి ఎండ గదిలోకి వచ్చి బల్లల మీద పరుచుకుంది. గ్రంథాలయం ఆవిడ ఒక్కో దీపం ఆర్పుకుంటూ వెళ్లింది. చివరిదాన్ని ఆర్పి, చెయ్యి మీట మీదే ఉంచి, అలాగే నిలబడిపోయింది. వదిన ఆయాసపడుతూ ఎక్కి వచ్చి కిటికీ వైపు చూసింది.

"ఖాళీ కిటికీకా ఇంత హంగామా?" అంది. దగ్గరకి వెళ్లి, నమ్మకం కుదరక, గోటితో తట్టింది. ఖంగుమంది. గదంతా ఫక్కున నవ్వింది.

తిరిగి వెళ్లేటప్పుడు కింద ఖాళీ పెట్టె మిగిలింది. దాన్ని బండిలోకి ఎక్కించాలి. ఒక్కడు ఈడ్చుకుపోగలడు. అయినా పెద్దోడు తన చివర పట్టుకుని, బండి వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. చిన్నోడు తన చివర ఎత్తాడు. పెద్దోడు కదల్లేదు.

ఏమిటన్నట్టు చూశాడు చిన్నోడు.

"అను" అన్నాడు పెద్దోడు.

చిన్నోడు తల అడ్డంగా ఊపి, గొంతు చూపించుకున్నాడు. ఎలాగూ వినపడదుగా!

"అను అంటున్నానా."

చిన్నోడు వీధి వంక ఓసారి చూశాడు. బట్టలు కుట్టేవాడు, మందుల కొట్టాయన, వదిన, అందరూ అక్కడే ఉన్నారు. నోరు తెరిచాడు. పేజీ తిప్పినంత చప్పుడు వచ్చింది.

"రా... రా..."

పెద్దోడు తల తిప్పకుండా వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.